ఉయ్యాల తాడుకు అవతలి కొస

మోటబావి పక్క చింతచెట్టు కిందికి ఎవరూ పోరు. మీరు పోరు, నేను పోను, మేకలు కూడా ఆ గట్టు దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరుగుతాయి. ఊరంతా చింతపండు కొనుక్కుని తింటాం గానీ ఆ చెట్టు కింద వంగి ఒక్క కాయ ఏరినవాడు ఈ అరుగు మీద ఉన్నాడా? ఉంటే చెయ్యెత్తండి. లేడు. ఎందుకు లేడంటే అక్కడ పాములున్నాయని మీ నాన్నలు మీకు చెప్పారు. పాములా పాడా! పాములే అయితే కర్ర పట్టుకుని మొదట నేనే పోయేవాణ్ణి కదా?

దగ్గరికి జరగండి. ఊఁ కొట్టేవాడు లేకపోతే నాకు కథ రాదు. ఒరేయ్ సాంబా, నువ్వు కొట్టు. పక్కవాడు కొట్టినా సరే, కానీ కొట్టింది ఎవరో నాకు తెలియాలి. ఎవరిదో తెలియని ఊఁ ఒకటి వినబడిందంటే మాత్రం నేను లేచి లోపలికి పోయి గడియ పెట్టుకుంటా, మీ పాట్లు మీరు పడండి. మీ మాణిక్యం మామ్మ మీద ఆశ పెట్టుకోకండి, అదుగో, గోడకు ఆనుకుని అప్పుడే గురక అందుకుంది. పొద్దుగుంకితే చాలు, దీపం పెట్టేదాకా కూడా ఆగదు.

ఏమ్మా ఝాన్సీ, నీ పిల్లవాణ్ణి వెలుతుర్లోకి తీసుకురా. అబ్బో, ఆ కళ్ళు చూడండర్రా, రెండూ రెండు చింతగింజలు! ఈ వేళప్పుడు ఏ పసివాడైనా ఇట్లా మిటకరించి చూస్తాడా? నాలుగు రోజుల నుంచి ఇదే వరసా? రాత్రంతా జాగారమూ, పగలంతా నిద్రానా? ఆ చేతిలో సీసా ఏమిటి? మందులకొట్లో అడిగి తెచ్చావా, దగ్గు మందు, రెండు చుక్కలు పోస్తే తెల్లారిందాకా లేవడని పక్కింటావిడ చెప్పిందా? మంచిదే. దాన్ని అట్లా అరుగు చివర పెట్టు. మూత తియ్యకు. కథయ్యాక చూద్దాం. నవ్వుతావేం, ఈ కథ నీకే, మిగతావాళ్ళు ఊరికే వింటున్నారు.

అరవై అయిదేళ్ళ కిందటి మాట. మన ఊళ్ళో నాసరయ్య అని బండి తోలుకునే ఆయన ఉండేవాడు. ఆయన ఇంట్లో తల్లి గురవమ్మ, పెళ్ళాం తిరపతమ్మ, అయిదు నెలల ఆడపిల్ల, ఒక గేదె. గేదెను కూడా ఎందుకు చెప్పానని నవ్వకండి, ఈ కథలో సగం మాటలు దానితోనే.

అత్తకూ కోడలికీ మాటల్లేవు. ఎందుకు లేవంటారా? చింతకాయ తొక్కులో ఉప్పు ఎక్కువైందని అత్త అన్నది, మా ఊళ్ళో ఇంతే వేస్తారని కోడలన్నది, అయితే మీ ఊళ్ళోనే తినమని అత్త అన్నది. అంతే. ఏడు నెలలు! ఆ ఏడు నెలల్లో పిల్ల పుట్టింది, పురుడు గడిచింది, గురవమ్మ వేణ్ణీళ్ళు కాచి కోడలికి పోసింది, నడుముకు గుడ్డ కట్టింది, కారం నూరి పెట్టింది, అన్నీ చేసింది గానీ నోరు తెరిచి "వేడి చాలా?" అని మాత్రం అడగలేదు. మరి ఇంట్లో పనెట్లా జరిగేదీ అంటే, అదుగో, గేదె ఉందిగా. గురవమ్మ కొట్టం దగ్గర నిలబడి "ఓసే గేదే, బియ్యం అయిపోయినయ్యే" అంటే కోడలు మొగుణ్ణి బియ్యం తెమ్మనేది. కోడలు కుడితి పోస్తూ "ఓ గేదె తల్లీ, నాకు నడుం నొప్పిగా ఉంది" అంటే అత్త ఆ పూట వంట చేసేది. ఆ గేదె పాపం, తలూపీ తలూపీ మెడ అరిగి ఉంటుంది.

అట్లా ఉండగా మిరపకోతలు వచ్చాయి. తిరపతమ్మ కోతకు పోవాలి, పిల్ల పాలు తాగే పిల్ల, ఎక్కడ పడుకోబెడుతుంది? ఆమె ఏటి అవతలి ఊరి నుంచి వచ్చిన మనిషి, ఇక్కడి సంగతులు తెలియవు. చేనుకు ఆనుకుని మోటబావి, బావి పక్కన గొడుగులాంటి చెట్టు, కింద చల్లటి నీడ, ఇంతకంటే మంచి చోటు ఉంటుందా అనుకుంది. కొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి, దానికి ఇరవై బారల తాడు కట్టి, తాడు కొస తన నడుముకు చుట్టుకుంది. మన ఆడవాళ్ళు అప్పట్లో అంతే, మిరప మొక్కల సాలెమ్మట కాయ కోస్తూ అడుగేసినప్పుడల్లా తాడు లాగుతుంది, ఉయ్యాల ఊగుతుంది, పనికి పని, పిల్లకు పిల్ల. సాయంత్రం చీర విప్పుకుని ఇంటికి తెచ్చుకునేది, తాడు మాత్రం రేపటికి ఉంటుందని కొమ్మకే వదిలేసేది.

గురవమ్మ ఊరుకుందా అంటే ఊరుకోలేదు. ఆ సంగతి తెలిసిన రోజే కొట్టం దగ్గరికి పోయి, కోడలికి వినబడేట్టు గట్టిగా చెప్పింది, "ఓసే గేదే, ఆ మోటబావి చెట్టు కిందికి పోమాకే, అక్కడ పేరమ్మ ఉందే!" అని. తిరపతమ్మ విన్నది. విని ఏమనుకుందో తెలుసా? గేదె రోజూ అటే మేతకు పోతుంది, అక్కడ పేరమ్మ అని ఎవరో రైతు భార్య ఉన్నట్టుంది, చేలో పడితే బందెలదొడ్డికి తోలిస్తుంది కాబోలు, అని. ఏడు నెలల్లో అత్త గేదెతో అన్న ప్రతి మాటా తనకే అనుకున్న మనిషి, ఆ ఒక్క మాట మాత్రం నిజంగా గేదెకే అనుకుంది. చూశారా ఎట్లా ఉంటుందో! మర్నాటి నుంచి గేదెను ఇంకో దిక్కుకు తోలింది. తను మాత్రం చెట్టు కిందికే పోయింది.

అది చూసి గురవమ్మకు ఒళ్ళు మండింది. ఇంత చెప్పినా లెక్కలేదే అనుకుని, నోరు విప్పితే తను ఓడినట్టవుతుందని పళ్ళు బిగించుకుంది. అయినా మనవరాలు కదా, కొడవలి పట్టుకుని గడ్డి కోసే నెపంతో గట్టు అవతలికి పోయి, దూరం నుంచి ఒక కన్ను ఉయ్యాల మీద వేసి ఉంచేది.

ఇక చూడండి. ఆ పిల్ల ఏం నిద్ర, ఏం నిద్ర! పొద్దున పడుకోబెడితే దీపాలవేళ దాకా లేవదు. మధ్యాహ్నం తల్లి వచ్చి పాలిస్తే, కళ్ళు మూసుకునే తాగి, మళ్ళీ అట్లాగే వాలిపోయేది. తిరపతమ్మ ఒకరోజు సాల్లో కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. అడుగు కదపలేదు. అయినా నడుం దగ్గర తాడు వదులవుతోంది, బిగుస్తోంది, వదులవుతోంది, బిగుస్తోంది. తిరిగి చూస్తే మాను చాటున తెల్లచీర కొంగు కనబడింది. ఏడు నెలలుగా అత్త వంక కన్నెత్తి చూడని మనిషి, ఓహో, అత్త ఊపుతోందనుకుంది. నాతో మాట్లాడకపోతేనేం, పిల్లంటే ప్రాణమే అని మనసులో కరిగిపోయింది. గట్టు అవతల గురవమ్మేమో, కోడలు వంచిన తల ఎత్తకుండా కాయ కోస్తూనే ఉయ్యాల ఎంత ఒడుపుగా ఊపుతోందో అని తనూ కరిగిపోయింది. ఇద్దరూ కరిగారు. ఇద్దరూ మాట్లాడలేదు.

ఊఁ అనండర్రా. నిద్రపోయారా? పోనీండి, ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

పగలు పది గంటలు పడుకున్న పిల్ల రాత్రి పడుకుంటుందా? దీపం ఆర్పగానే చిటుక్కున కళ్ళు తెరిచేది. మొదట ఆడేది, తర్వాత కేరింతలు కొట్టేది, తర్వాత ఏడుపు అందుకునేది. తెల్లవార్లూ ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరి భుజానికి. మూడు వారాలు. నాసరయ్య బండి మీదే నిద్రపోతే ఎద్దులు ఆయన్ను తీసుకుపోయి ఆయన అత్తగారింటి ముందు నిలబెట్టాయట, వాటికి తెలిసిన దారి అదొక్కటేనేమో. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, వాము నీళ్ళు పట్టారు, కడుపు మీద ఆముదం రాశారు. నీ పాలు చాలట్లేదని అత్త గేదెకు చెప్పింది, నీ కళ్ళే పడ్డాయని కోడలు అదే గేదెకు చెప్పింది. పగలు పిల్ల ఎంతసేపు పడుకుంటోందీ అని ఇద్దరూ ఒక్కసారి కలిసి అనుకుంటే తెలిసిపోయేది కదా? కలిసి అనుకోవడానికే కదా కుదరనిది.

చివరికి తిరపతమ్మ చేతిలో పిల్ల జారింది. నిలబడే కునుకు తీసింది పాపం, గురవమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. అది చూసి నాసరయ్యకు భయమేసింది. సంతలో పసరు మందులవాడి దగ్గరికి పోయి నల్లమందు తెచ్చాడు. అప్పట్లో పసిపిల్లలకు పెట్టేవాళ్ళు, తెలివితక్కువ కాలం. మందులవాడు మరీ మరీ చెప్పాడట, ఆవగింజంత, ఒక్కటంటే ఒక్క ఆవగింజంత, దానికి ఇంకో పిసరు తోడైతే ఆ నిద్ర నుంచి పిల్లను ఎవరూ లేపలేరు అని. నాసరయ్య ఆ పొట్లం గూట్లో పెట్టి, తల్లికి చెప్పాడు, పెళ్ళానికి చెప్పాడు, మీరిద్దరూ చూసుకోండి అని ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాడు.

చూసుకోండి అన్నాడు. ఇద్దరూ చూసుకున్నారు.

దీపాలవేళ కోడలు ఊళ్ళోని మంచినీళ్ళ బావికి పోయినప్పుడు, అది వయసులో చిన్నది, మందు పెట్టే ధైర్యం దానికి చాలదు అనుకుని గురవమ్మ ఆవగింజంత తేనెలో రంగరించి పిల్ల నాలుకకు రాసింది. అత్త గేదె పాలు పిండడానికి పోయినప్పుడు, ముసలిది, దానికి చేతులు వణుకుతాయి అనుకుని తిరపతమ్మ ఆవగింజంత చనుబాలలో కలిపి పట్టింది.

ఏమర్రా, ఊఁ ఆగిపోయిందేం?

పిల్ల పడుకుంది. మూడు వారాల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దం. దూలానికి కట్టిన ఉయ్యాల కదలకుండా వేలాడుతోంది. నాసరయ్యకు ఆనందంతో కళ్ళ నీళ్ళొచ్చాయి. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు.

ఎంతసేపైందో తెలియదు, దూలం కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. తిరపతమ్మ కళ్ళు తెరిచి చూస్తే ఉయ్యాల ఊగుతోంది. ఊగడమా అది! ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకుంటోంది, పైకి లేస్తే వాసాలకు తగిలేట్టు లేస్తోంది. పక్కన ఎవరూ లేరు. ఉయ్యాలకు ఒక తాడు కట్టి ఉంది. ఆ తాడు గదిలో అడ్డంగా, నేలకు మూరెడు ఎత్తున, బిగుసుకుని, తలుపు సందులోంచి బయటికి పోయి ఉంది. ఎవరి తాడది? తనదే. చెట్టుకు వదిలేసి వచ్చిన తాడు!

అరిచింది. నాసరయ్య లేచాడు, లాంతరు పట్టుకుని తాడెమ్మట పోయాడు. గడప దాటింది తాడు, వాకిలి దాటింది, దడి దాటింది, డొంకలో పడింది. ఇరవై బారల తాడు, మోటబావి ఇక్కడికి మైలు దూరం, తాడు అయిపోదే! డొంక మలుపు దాకా పోయి, అక్కడ ఒక్కసారి లాంతరు ఎత్తి చూసి, వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఏం చూశావని అడిగితే చెప్పలేదు. చచ్చేదాకా చెప్పలేదు. లాంతరు డొంకలోనే వదిలేసి వచ్చాడు, మర్నాడు కూడా తెచ్చుకోలేదు.

ఈలోగా ఉయ్యాల్లో పిల్ల కెవ్వుమంది. అరిచి, మళ్ళీ మెడ వాల్చేసింది. వాల్చేయగానే తాడు సర్రుమని లాగింది, పిల్ల మళ్ళీ కెవ్వుమంది. తిరపతమ్మ ఉయ్యాల ఆపబోతే ఆగదు, తాడు విప్పబోతే ముడి లేదు. ఎట్లాగో పిల్లను చేతుల్లోకి లాక్కుని చూస్తే అరికాళ్ళు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి, ఎవరో వేళ్ళతో కొట్టి లేపినట్టు.

గురవమ్మ భయం కంటే కోపం ముందొచ్చే రకం. చీపురు తీసుకుని గడపలోకి దూకి, చీకట్లోకి చూసి తిట్టడం మొదలెట్టింది. ఎవత్తివే నువ్వు, మూడు వారాలకు ఒక్క రాత్రి పిల్ల పడుకుంటే నీకు కళ్ళు కుట్టినయ్యా, నా చేతులారా ఆవగింజంత మందు రంగరించి పడుకోబెట్టుకున్నానే, లేపుతావుటే దాన్ని, అని.

వెనక నుంచి తిరపతమ్మ గొంతు వినబడింది. "అత్తా," అన్నది.

గురవమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. ఏడు నెలలకు మొదటి మాట.

"అత్తా, నువ్వు పెట్టావా? నేనూ పెట్టానత్తా!"

ఇక ఆ ఇంట్లో మనుషులకు ప్రాణాలున్నాయా! దెయ్యం సంగతి మరిచిపోయారు. తాడు లాగుతుంటే లాగనీ అన్నారు. పిల్లను ఎత్తుకుని వాకిట్లో ఒకటే తిప్పడం, మొహాన చన్నీళ్ళు చల్లడం, అరికాళ్ళ మీద వేళ్ళతో కొట్టడం, అమ్మా లెయ్యవే, బంగారూ లెయ్యవే అని అత్తా కోడలూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవడం. మూడు వారాలు పడుకోవే అని ఏడ్చిన నోళ్ళే కదా ఇవి? చేతులు పడిపోయి ఒక్క క్షణం పిల్లను ఉయ్యాల్లో వేస్తే, తాడు అందుకునేది. వీళ్ళు ఎత్తుకుంటే వదిలేసేది. అట్లా వంతులు వేసుకున్నట్టు తెల్లారిందాకా నడిచింది. తొలికోడి కూసేసరికి పిల్ల కళ్ళు నిండుగా తెరిచి, నాయనమ్మ చీరంతా తడిపి, ఆకలికి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆ ఇంట్లో అందరూ నవ్వారట. తాడు నేల మీద పడి ఉంది. మామూలు తాడు. ఇరవై బారలే.

అప్పుడు మాట్లాడుకున్నారు. ఎన్నాళ్ళ మాటలో, ఆగితేగా! తిరపతమ్మ అన్నదట, నన్ను క్షమించత్తా, నువ్వు రోజూ చెట్టు కింద అంత ఓపిగ్గా ఉయ్యాల ఊపుతున్నా నేను ఒక్క మంచిమాట అనలేకపోయా, అని. గురవమ్మ బిత్తరపోయింది. నేనెప్పుడు ఊపానే, నేను గట్టు అవతల గడ్డి కోసుకుంటుంటి, ఊపేది నువ్వనుకుంటిని, అన్నది. మరి తెల్లచీర? అని అడిగింది కోడలు.

"నాకున్నవి రెండు చీరలే పిల్లా. రెండూ నీలివే."

ఇద్దరూ పిల్లను మధ్యలోకి లాక్కున్నారట. ఆ తర్వాత గురవమ్మ, గేదెకు చెప్పిన మాటే ఈసారి కోడలికి చెప్పింది. పేరమ్మ అని వెనకటికి ఒక విధవరాలు, పిల్లలు లేరు, వంగి పని చేయలేని వయసు. కోతల కాలంలో ఊళ్ళో పసిపిల్లల ఉయ్యాలలన్నీ ఆ చెట్టుకే కట్టి ఆమెకు అప్పజెప్పేవాళ్ళు, ఏడెనిమిది ఉయ్యాలలను ఒకే తాడుకు కలిపి ఊపేది, తలా ఒక ముద్ద పెడితే తినేది. ఒకరోజు సాయంత్రం తల్లులు వచ్చి చూస్తే పిల్లలంతా హాయిగా నిద్రపోతున్నారు, ఉయ్యాలలు ఊగుతున్నాయి, పేరమ్మ మానుకు ఆనుకుని కూర్చుని ఉంది. లేపబోతే కట్టెలా బిగుసుకుపోయి ఉంది. పొద్దున్నెప్పుడో పోయింది మనిషి. మరి సాయంత్రం దాకా ఉయ్యాలలు ఎందుకు ఊగుతున్నాయంటారు?

తన పని పిల్లల్ని నిద్రపుచ్చడం. పగలు అదే చేసింది. రాత్రి లేపాల్సి వస్తే లేపింది. ఇంతకంటే ఏ దాది చేస్తుంది? గురవమ్మ ఆ మధ్యాహ్నమే జొన్నసంకటి ముద్ద, ఆ ఉప్పెక్కువైన చింతకాయ తొక్కే, ఆకులో పెట్టి గట్టు మీద ఉంచి, అమ్మా నీకు రుణపడి ఉంటాం, ఇక మా పిల్లను మేం చూసుకుంటాం అని దణ్ణం పెట్టి వచ్చింది. ఆ తర్వాత పగలు పిల్లను చంకనేసుకుని కాకిని చూపించి, దూడను చూపించి ఆడించారు, పొద్దుగుంకితే దీపం తగ్గించి, పక్కలో వేసుకుని, ఇద్దరూ ఒకే జోలపాట పాడారు. నాలుగు రోజులు ఏడ్చింది. అయిదో రాత్రి పడుకుంది చూడండీ, ఆ పడుకోవడం పడుకోవడం, ఇప్పటికీ పొద్దుగుంకితే ఆగదు. అదుగో, గోడకు ఆనుకుని.

ఏమిటర్రా అట్లా చూస్తారు? మాణిక్యమే. తిరపతమ్మ మా అత్తగారే కదా, లేకపోతే ఇవన్నీ నాకెవరు చెప్తారు? పెళ్ళిచూపులనాడే చెప్పింది, అబ్బాయీ, రాత్రి పూట దీన్ని మాత్రం లేపమాక, లేపే మనిషి వేరే ఉంది, అని.

ఏమ్మా ఝాన్సీ, మొహం అట్లా పాలిపోయిందేం? ఏమిటీ? గట్టిగా చెప్పు, నీళ్ళు నమలకు. నువ్వూ కోతకు పోతున్నావు, సరే, నాలుగు రోజుల నుంచి, సరే. చేను దగ్గర ఇంకెక్కడా నీడ లేదు, అయితే? ఆ చెట్టుకే కట్టావా? పాములేం కనబడలేదా? కనబడవు మరి. నువ్వు సాల్లో ఉంటే ఉయ్యాల ఎవరు ఊపారు? మాణిక్యం మామ్మ ఊపుతుంటే చూశానంటావా? దూరం నుంచి. తెల్లచీరలో.

మీ మామ్మకు మోకాళ్ళు పట్టేసి పది రోజులైంది తల్లీ. ఈ వాకిలి దాటలేదు.

ఆ సీసా ఇటివ్వు. సాంబా, దీన్ని తీసుకుపోయి ఆ బురదగుంటలో మూత తీసి ఒంపు, ఒక్క చుక్క మిగలకుండా. ఝాన్సీ, రేపు వాణ్ణి ఇక్కడ దింపి పో, పగలంతా నేను ఆడిస్తా, నిద్రపోనిస్తే ఒట్టు. నాలుగు రాత్రులు ఏడుస్తాడు, ఏడవనీ. ఇంకోమాట, తాడు అక్కడే వదిలి వచ్చావా? పోనీలే. దానికోసం మాత్రం ఎవరూ పోకండి. అవసరమైతే అదే వస్తుంది.